ద్వాదశ మహర్షులు కడవ ఎత్తిన వృత్తాంతం

పూర్వం కృతయుగంలో, వేదఘోష తప్ప వేరు శబ్దమెరుగని ధూమ్రగిరి శిఖరాన, జటాధారులూ తపోధనులూ అయిన పన్నెండుమంది మహర్షులు, వేర్వేరుగా పర్ణశాలలు కట్టుకొని, లోకక్షేమం కోరి ఘోరతపస్సు చేస్తుండేవారు. ఆ తపస్సుకు కావలసిన నీళ్లు మాత్రం, అందరిలోకీ చిన్నవాడైన మహర్షి ధర్మపత్ని, మహాసాధ్వి మైత్రావతి, కొండ దిగి కడవతో మోసుకొచ్చి పన్నెండు గుమ్మాల్లోనూ పోసేది. ఆమె భుజం కాయ కాచిపోయింది. త్రికాలవేదులకు ఆ సంగతి తెలియదు.

వారి తపస్సుకు మెచ్చి, లోకపావని అయిన చారుతోయ అనే నదీదేవత ప్రత్యక్షమై, "మహాత్ములారా! ఈ కొండమీద నేనెక్కడ పారాలో సూర్యాస్తమయంలోగా ఏకకంఠంతో చెప్పండి. లేదా నా దారిన సముద్రానికి పోతాను" అన్నది.

అంతట వయోవృద్ధుడూ, వాగ్ధాటికి పేరుపొందినవాడూ అయిన బృహద్గళ మహర్షి లేచి, గొంతు సవరించుకొని, "పెద్దల మాటే సభకు ప్రమాణం. మా గుమ్మం ముందు పారుగాక!" అని ఆజ్ఞాపించాడు. తథాస్తు అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. అప్పుడు అందరికీ సమానంగా మాట దక్కాలని తీర్మానించుకొని, ఒక్కొక్కరే లేచి, శాస్త్రాలు ఏకరువు పెట్టి, మైత్రావతి భర్తతో సహా, ఎవరి గుమ్మం వారు చూపించారు. సూర్యభగవానుడు పడమటికి వాలాడు.

మైత్రావతికి ఏడుపొచ్చింది. నది వెళ్లిపోతే ఈ కడవ తనకు జన్మంతా తప్పదు. నిండుకడవ తెచ్చి బృహద్గళుని ముందు దించి, "తాతగారూ! ఇది ఎత్తుకొని ఆ మాటే మళ్లీ చెప్పండి, వింటాను" అన్నది.

నదీదేవత నవ్వి, "బాగుంది. ఇక కడవ ఎత్తినవారిదే మాట" అన్నది.

బృహద్గళుడు కడవ భుజానికెత్తుకొని, "సకల శ్రుతి స్మృతి..." అని ఆరంభించి, ఆయాసంతో కూలబడ్డాడు. రెండోవాడు "దగ్గర!" అన్నాడు. మూడోవాడు "ఎక్కడో ఒకచోట తల్లీ, తొందరగా!" అని మొరపెట్టుకున్నాడు. అలా పన్నెండు చేతులూ మారి కడవ మైత్రావతిని చేరగా, అలవాటైన మనిషి గనుక, ఆమె తీరిగ్గా చెప్పింది:

"అందరికీ నడిమధ్య పారు తల్లీ. ఇకమీదట ఎవరి కడవ వాళ్లే నింపుకుంటారు."

భుజాలు రుద్దుకుంటున్న మహర్షులు మొదటి మాట వినగానే పరమానందభరితులై, ఏకకంఠంతో "తథాస్తు!" అన్నారు. రెండో మాట అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది. ఋషివాక్కు వెనక్కి తీసుకునేది కాదు.

చారుతోయ గలగలమంటూ కొండ నడుమ అవతరించి, "బరువు మోసేవారిని ముందుగా అడిగే సభ ఎక్కడుంటే అక్కడ నేను ఎండిపోను" అని వరమిచ్చింది. మర్నాడు పన్నెండుమంది మహర్షులూ కడవలు పట్టుకొని ఒడ్డున వరుసలో నిలబడి ఉండగా, మైత్రావతి పొద్దెక్కేదాకా హాయిగా నిద్రపోయింది.

ఈ పుణ్యకథ విన్న మహాశయులు ఇప్పుడే లేచి, ఎవరి మంచినీళ్లు వారే తెచ్చుకుందురు గాక!