పథ్యానికి సాక్షి

పూర్వం ఒక రాజ్యంలో విరూపాక్షాచార్యులనే ఆస్థాన వైద్యులుండేవారు. ఏ జ్వరానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, లంఖణం. రోగి లేచి కూర్చుంటే అది ఆచార్యులవారి హస్తవాసి. నీరసించి పోతే మాత్రం, దొంగచాటుగా ఏదో తిని పథ్యం చెడగొట్టుకున్నాడనేవారు.

చాపలల్లే నూకాలు జ్వరంతో వైద్యశాలలో చేరింది. జ్వరం తగ్గినా ఆమెకు జావ చుక్క దొరకలేదు. పక్క మంచంలోని ముసలమ్మ తలెత్తలేకపోవడం చూసి నూకాలుకు భయమూ కోపమూ కలిసి వచ్చాయి. రాజుగారు చూడవచ్చినప్పుడు మంచం కోడు పట్టుకుని లేచింది.

"మహాప్రభో, జ్వరం తగ్గినోళ్ళందరికీ కాస్త జావ పోయించండి!"

"దొంగతిండి మరిగినవాళ్ళే ఇలా అడుగుతారు ప్రభూ," అన్నారు ఆచార్యులు బొజ్జ నిమురుకుంటూ.

"ఆ నింద మాకొద్దు దొరా," అంది నూకాలు. "ఆచార్యులోరే మాతో ఉండి కాపలా కాయాలి. మేం పోతే, తప్పు మాదో పథ్యానిదో తేలిపోద్ది. కాకపోతే ఆయన భోజనం గడప దాటి రాకూడదు. వస్తే అందులోంచి తిన్నామంటారు."

రాజుకు న్యాయంగానే తోచింది. తలుపులు వేయించాడు.

మధ్యాహ్నానికి ఆచార్యులు తన నాడి తానే చూసుకున్నారు. సాయంత్రానికి ఆయనకు రోగుల మూలుగులో అర్థం వినిపించింది. మర్నాడు రాజు వచ్చేసరికి నేలమీద చతికిలబడి ఉన్నారు.

"ప్రభూ, జ్వరం తగ్గాక జావ పోయమని శాస్త్రంలోనే ఉంది. శ్లోకం ఇప్పుడే గుర్తొచ్చింది."

జావ కాచారు. నూకాలు మొదటి గిన్నె ముసలమ్మ నోటికి అందించింది. ఆచార్యులు ఆత్రంగా చెయ్యి చాపితే రాజు ఆపాడు.

"ముందు రోగుల వంతు కానివ్వండి."