నూకమ్మ చిగుళ్ళు

అనగనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో, ఒక దొర. దొరకో గుర్రం. ఆ ఊళ్ళోనే కమ్మరి నూకమ్మ. మొగుడు పోయాక కొలిమి తనే ఊదుకునేది. నోట్లో ఒక్క పన్ను లేదు.

గుర్రం పేరు పాలపిట్ట. పిల్లప్పుడు, తల్లికి లాడాలు కొట్టించేటప్పుడు వెంట వచ్చేది. నూకమ్మ చేతిలో తవుడు తినేది. నూకమ్మకి పిల్లల్లేరు. ఆ మాట ఎవరితోనూ అనేది కాదు. తవుడు మాత్రం ఏ రోజూ మానేది కాదు.

పాలపిట్ట ఎక్కే ఈడుకొచ్చింది. దొర బంగారు కళ్ళెం చేయించాడు. మణికట్టంత లావు. పాలపిట్ట తల విదిలించింది. దొర పెంటకుప్పలో పడ్డాడు.

వెండి కళ్ళెం చేయించాడు. దానినిండా పువ్వుల చెక్కడం. పాలపిట్ట తల విదిలించింది. దొర బురదగుంటలో పడ్డాడు.

మూడోదానికి ముళ్ళు పెట్టించాడు. పాలపిట్ట తల విదిలించింది. దొర నాగజెముడు డొంకలో పడ్డాడు. లేచాడు గానీ, కూర్చోలేకపోయాడు.

"రేపు పొద్దుగూకేలోగా ఇది నన్ను మోయకపోతే నరికేయండి," అన్నాడు, నిలబడే.

ఆ మాట చెవినపడగానే నూకమ్మ కొలిమితిత్తి వదిలేసి పరుగెత్తింది.

"ఆ ఒక్క రోజూ నాకివ్వండి దొరా. కళ్ళెం నేను చేస్తాను."

"బంగారం పట్టనిది నీ ఇనుము పడుతుందా?"

"దాని నోరు చూశారా బాబూ?"

"చూసేదేముంది? పళ్ళు!"

నూకమ్మ గుర్రం పెదవి ఎత్తింది. "ముందు పళ్ళు. వెనక పళ్ళు. మధ్యలో వట్టి చిగుళ్ళు. కళ్ళెం ఆనేది ఇక్కడ. చిగుళ్ళ బాధ పళ్ళున్న మారాజులు, మీకేం తెలుస్తుంది?"

వేపపుల్లతో నోటి కొలత తీసుకుంది. సన్నగా ఇనుము సాగగొట్టింది. చల్లార్చి, తన నోట్లో పెట్టుకుంది.

"ఉఁహూఁ."

ఆకురాయితో రాసింది. మళ్ళీ పెట్టుకుంది.

"ఉఁహూఁ."

నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు ఆగారు. "నూకమ్మత్తా, ఇనుం ఉడికిందా? ఉప్పు సరిపోయిందా?"

నోట్లో కళ్ళెం ఉంది కాబట్టి బతికిపోయారు.

మూడోసారి పెట్టుకుంది. "ఆఁ," అంది.

మర్నాడు కళ్ళెం అరచేతుల్లో వెచ్చబెట్టి తీసుకెళ్ళింది. పాలపిట్ట తనే నోరు తెరిచింది. దొర రెండు దిండ్లు వేసుకుని ఎక్కాడు. ఊరు చుట్టొచ్చాడు. పడలేదు. చూడ్డానికొచ్చినవాళ్ళు కాస్త నిరాశపడ్డారు.

ఏళ్ళు గడిచాయి. నూకమ్మ పోయింది. కళ్ళెం అరిగింది. కొత్త కమ్మరి కొత్తది చేశాడు. పాలపిట్ట నోరు తెరవలేదు. నోట్లో పెట్టి చూద్దామంటే కమ్మరికి ముప్పైరెండు పళ్ళూ ఉన్నాయి.

దొర కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆయన పళ్ళూ అప్పటికి రాలిపోయాయి. కళ్ళెం తీసుకుని చిగుళ్ళ మీద ఆనించుకున్నాడు.

"ఉఁహూఁ," అన్నాడు. ఆకురాయితో రాయించాడు. "ఉఁహూఁ," అన్నాడు. మళ్ళీ రాయించాడు.

మూడోసారి "ఆఁ" అని, పాలపిట్ట మెడ నిమిరాడు. "ఆ ముళ్ళది ఎలా ఓర్చుకున్నావే తల్లీ?"

ఇప్పటికీ ఆ వైపు కొత్త కళ్ళెం ముందు గుర్రం దగ్గరికి వెళ్ళదు. ఊళ్ళో బోసినోటి పెద్దల దగ్గరికి వెళ్తుంది. వాళ్ళ చేతిలో బెల్లంముక్క పెట్టి, "నూకమ్మ ఏమంటోంది?" అని అడుగుతారు.

ఇంకో ముక్క కోసం మూడుసార్లూ "ఉఁహూఁ" అనే తాతలున్నారట. వాళ్ళనెవరూ ఏమీ అనరు.