బుట్టలో ప్రచండుడు

అవతారానికి తన తెలివి మీద మహా గురి. ఏ పనైనా చెప్పింది చెప్పినట్టు చేసేవాడు ఏడూళ్ళలో తనొక్కడేనని కనపడ్డవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. అలాంటివాడికి పెళ్ళి కుదిరింది. సాయంత్రమే ముహూర్తం. పెళ్ళికూతురి ఊరు కనుమకు అవతల, కనుమలోనేమో రాక్షసుడు. ఆ పేరు వినగానే మగపెళ్ళివారంతా జ్వరాలు తెచ్చుకుని ముసుగుతన్నారు. ముహూర్తం తప్పితే పిల్లను ఇంకొకడికి ఇచ్చేస్తానని మామగారు కబురు పెట్టాడు.

చేసేది లేక అవతారం ప్రచండుడనే మాంత్రికుణ్ణి తోడు రమ్మన్నాడు. పేరుకే ప్రచండుడు, బల్లి అరిస్తే అటకెక్కే రకం. భయమని ఒప్పుకుంటే పరువు పోతుంది కదా. అంతే, పెద్ద మూతబుట్ట ఒకటి తెచ్చి అందులో ముడుచుకు కూర్చున్నాడు.

"నన్ను నెత్తిన పెట్టుకుని పద నాయనా. ఎవరడిగినా బుట్టలో మాంత్రికుడు లేడని చెప్పు," అన్నాడు.

సగం కనుమ దాటినా ఒక్కరూ అడగలేదు. ఒప్పుకున్న పని చెయ్యకుండా అవతలికెలా పోవడమని అవతారానికి దిగులు పట్టుకుంది పాపం. అంతలో రాక్షసుడు దారి పక్కన గుర్రుపెడుతూ కనిపించాడు. హమ్మయ్య అనుకుని వాడి కాలు పట్టి కుదిపి లేపాడు.

"అయ్యా, ఈ బుట్టలో ఏముందో కాస్త అడుగుదురూ."

రాక్షసుడు కళ్ళు నులుముకుని అడిగాడు.

"మాంత్రికుడు లేడండి."

"మరేముంది?"

దానికేం చెప్పాలో ప్రచండుడు నేర్పలేదు. ఉండమని చెప్పి, అవతారం బుట్ట దించి మూత సందులోంచి అడిగాడు. గుమ్మడికాయ అని చెప్పమంది లోపలి ఏడుపు గొంతు. అవతారం అలాగే చెప్పాడు. రాక్షసుడూ తెలివిలో వీళ్ళకేం తీసిపోడు. గుమ్మడికాయ పులుసంటే వాడికి ప్రాణం. పొయ్యి రాజేసి, కత్తి నూరి, తొక్క తియ్యాలా అక్కర్లేదా అని అడిగాడు. ఇంకేముంది, తియ్యొద్దంటూ బుట్ట బావురుమంది. మాట్లాడే కాయను తింటే కడుపులో కూర్చుని జన్మంతా కబుర్లు చెబుతుందని రాక్షసుడు హడలిపోయాడు. కత్తి పారేసి కొండెక్కి పరుగో పరుగు.

అవతారం రొప్పుతూ పెళ్ళిపందిట్లోకొచ్చి బుట్ట దించేసరికి బాజాలు మోగుతున్నాయి. పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు ఇంకా గడప దాటిస్తూనే ఉన్నారు. పురోహితుడు పంచాంగంలోంచి తల ఎత్తితేనా.

"ముహూర్తం దాటిపోతోంది. బుట్ట వచ్చిందిగా, కట్టవయ్యా తాళి," అన్నాడు.

అంతే. అవతారం మూత తీసి మూడు ముళ్ళూ వేసేశాడు. పందిరంతా నోరు వెళ్ళబెట్టింది. ప్రచండుడు మాత్రం కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు.

"ఒరే నాయనా, మెడకు తాడు కడుతున్నది రాక్షసుడా?"

"కాదు స్వామీ, నేనే."

"నువ్వేనా, బతికించావు. అయితే కాస్త గట్టిగా కట్టు."

అవతారం నాలుగో ముడి కూడా వేశాడు.