తాతారావు వాకింగు

లోవపాడులో ఎవరింటికి కరెంటు ముందొచ్చింది, ఎవరింటికి కుళాయి ముందొచ్చింది అని తగవులు పడతారు. తెలివి ఎవరింటికి ముందొచ్చిందన్న విషయంలో మాత్రం తాతారావుకి ఏ అనుమానమూ లేదు. తమ ఇంటికే.

"మనింట్లో తెలివి ఎక్కువైపోయి గదులు చాలడం లేదు," అనేవాడు భార్య నూకరత్నంతో.

"అందుకేగా మా తమ్ముణ్ణి వసారాలో పడుకోబెట్టాం," అనేదావిడ.

ఆ తమ్ముడు గవర్రాజు వసారాలోంచి, "నాది వీధిలోకి కూడా కారిపోతోందక్కా," అని కేకేసేవాడు.

అలాంటి తాతారావుకి షుగరొచ్చింది. టౌన్లో డాక్టరు గారు పాదాలు నొక్కి చూసి, మొహం చిట్లించి, "ఇలాగే కూర్చుంటే కాళ్ళు చచ్చుబడిపోతాయి. రేపట్నుంచి వాక్ చెయ్యండి," అన్నారు.

తాతారావు దారి పొడుగునా తన కాళ్ళ వంక చూసుకుంటూ ఆలోచించాడు.

"నడవమనడానికైతే నడవమనేవారుగా? నడక నాకు పాలు మరిచేలోపే వచ్చేసింది. పనిగట్టుకుని ఇంగ్లీషులో చెప్పారంటే అందులో ఇంకేదో ఉంది," అన్నాడు ఇంటికొచ్చాక.

"ఉంటుంది బావా. మందుల పేర్లన్నీ ఇంగ్లీషులోనే కదా," అన్నాడు గవర్రాజు.

ఇంకేముంది, ముగ్గురూ కలిసి రిటైరైన ఇంగ్లీషు మాస్టారు సోమయాజులు గారింటి మీద పడ్డారు. పాపం, రిటైరయ్యాక ఆయన్ని ఒక్క మాటకి అర్థం అడిగినవాడు లేడు. ఉబ్బిపోయారు.

"వాక్ అంటే నడక అని ఎవడైనా చెప్తాడు. కానీ వెయ్యేళ్ళ కిందట ఆ మాటకి అర్థం దొర్లడం! తర్వాత, తడి ఉన్నిబట్టని కాళ్ళతో తొక్కి తొక్కి దళసరిగా చెయ్యడాన్ని కూడా ఆ మాటతోనే అన్నారు. ఆ పని చేసేవాళ్ళకి వాకర్ అని ఇంటిపేరే వచ్చింది. నడక అనే అర్థం చాలా ఆలస్యంగా చేరిందయ్యా," అన్నారు.

తాతారావు తొడ చరిచాడు. "విన్నారా? మందుకి పాత బెల్లమే వాడతాం, పాత నెయ్యే వాడతాం. మాట మాత్రం కొత్తదెందుకు వాడాలి?"

అంతే. తెల్లారేసరికి తాతారావు వీధిలో అడ్డంగా పడుకున్నాడు. నూకరత్నం వెనక నుంచి తోస్తోంది. గవర్రాజు ముందు నడుస్తూ, "ఇటు బావా, ఇటు, అటు పేడుంది," అని దారి చెబుతున్నాడు.

"ఏ దేవుడి మొక్కమ్మా?" అని అడిగింది పక్కింటావిడ.

"షుగరుకండీ," అంది నూకరత్నం.

ఆ పేరుగల అమ్మవారిని ఆవిడ ఎప్పుడూ వినలేదు. వినకపోతే మాత్రం ఊరుకుంటారా? వీధిలోని ఆడవాళ్ళందరూ బిందెలతో పసుపు నీళ్ళు తెచ్చి కుమ్మరించారు. నేల జారుడైపోయింది, పైగా అది పల్లపు వీధి. తాతారావు తోసేవాళ్ళతో పని లేకుండా సర్రున పోయి మురిక్కాలవలో పడ్డాడు. మెడ దాకా బురదలో కూర్చుని, 'ఇంత తెలివి ఒక్క మనిషిలో పోస్తే, ఆ బరువుకి దొర్లక ఏం చేస్తాడు!' అని తన మీద తనే జాలిపడ్డాడు.

ఆ మర్నాడు రెండో అర్థం పట్టుకున్నారు. ఇంట్లో ఉన్నిబట్ట లేదు.

"మందు కదా, మంచి బట్టే వాడాలి," అని నూకరత్నం తన ఎర్ర పట్టుచీర తనే తెచ్చి తొట్టిలో వేసింది. ముగ్గురూ దిగి తొక్కారు. రంగు దిగి తాతారావు కాళ్ళు మోకాళ్ళ దాకా ఎర్రబడ్డాయి.

"రత్నం! రక్తం ఊరింది! నా కాళ్ళు బతికాయి!" అని అరిచాడు.

చీర మాత్రం బతకలేదు. పిండితే వంటింటి మసిగుడ్డలా వచ్చింది. నూకరత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని, "పోతే పోయిందిలెండి, మీ కాళ్ళ కంటే ఎక్కువా?" అని కళ్ళు తుడుచుకుంది. దాంతోనే తుడుచుకుంది. మొహం కూడా ఎర్రబడింది. రక్తం ఆవిడక్కూడా ఊరిందని తాతారావు సంబరపడ్డాడు.

ఆ ఎర్రకాళ్ళు చూపిద్దామని టౌనుకెళితే, డాక్టరు గారు దూదితో తుడిచారు. రంగంతా దూదికొచ్చేసింది. కథ విని ఆయన రెండు చేతులూ జోడించారు.

"బాబూ, నడవండి. చేతులు బాగా ఊపుతూ నడవండి. ఇంకేమీ చెయ్యకండి."

మర్నాడు తాతారావు మెయిన్ రోడ్డు మీద చేతులు తెగ ఊపుతూ బయల్దేరాడు. వెనక వస్తున్న బస్సు కీచుమని ఆగింది.

"ఆపమని చెయ్యూపి నిలబడతావేంటి? ఎక్కు!" అన్నాడు కండక్టరు. కండక్టరు మాట తీసెయ్యలేక తాతారావు ఎక్కాడు.

"ఈ బస్సు రోజూ ఉంటుందా?"

"రోజూ నడుస్తుంది. పండగలకీ నడుస్తుంది. వానలో కూడా నడుస్తుంది."

ఇంకేముంది! నడిచేదాంట్లో కూర్చున్నవాడు నడుస్తున్నట్టే కదా అని, తాతారావు కిటికీ పక్క సీటులో హాయిగా గుర్రుపెట్టాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, "నర్సీపట్నం దాకా నడిచొచ్చాను, కాలికి దుమ్మయినా అంటలేదు," అన్నాడు.

నూకరత్నం కాసేపు ఆలోచించింది. "దానికి అంతదూరం పోవడమెందుకండీ? మీ చేతి గడియారం రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుందిగా. కట్టుకుని పడుకోండి."

తాతారావు భార్యకి దణ్ణం పెట్టినంత పనిచేశాడు. గడియారం కట్టుకుని మంచమెక్కి, జంతికలు నములుతూ నడవడం మొదలెట్టాడు. వారాలు గడిచాయి. ఒకరోజు గవర్రాజు టైమెంతయిందో చూద్దామని వంగి, గావుకేక పెట్టాడు.

"అక్కా! బావ నడక ఆగిపోయింది!"

నిజమే, ముల్లు కదలడం లేదు. నూకరత్నం గుండెలు బాదుకుంది. మడిచి పడుకున్న కాలు అప్పుడే తిమ్మిరెక్కి ఉందేమో, తాతారావు దాన్ని గిల్లుకుని, "డాక్టరు గారన్నంతా అయింది. చచ్చుబడిపోయింది రత్నం!" అని బావురుమన్నాడు. అక్కా తమ్ముడూ మంచాన్ని చెరో వైపూ పట్టుకుని, ఎండలో రొప్పుతూ, దింపుతూ, ఎత్తుతూ డాక్టరు గారింటికి మోసుకెళ్ళారు.

డాక్టరు గారు అంతా విన్నారు. గడియారం చూశారు. మంచం చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది నా చేతిలో లేదమ్మా. ఎదురుగా గడియారాల షాపుంది, అక్కడికి తీసుకెళ్ళండి."

షాపతను కొత్త బ్యాటరీ వేశాడు. ముల్లు టిక్కుమని కదిలింది. అంతే, తాతారావు మంచం మీంచి ఒక్క గెంతు గెంతి, "వచ్చేసింది! నడక వచ్చేసింది!" అంటూ షాపు ముందు గబగబా తిరిగాడు.

నూకరత్నం పరుగున వచ్చి ఆయన నడుం పట్టుకుంది.

"అయ్యయ్యో, ఆగండి! ఒక పక్క గడియారం నడుస్తోంది, ఇంకో పక్క మీరూ నడిస్తే, ఆ రెండు నడకలకీ కాళ్ళు అరిగిపోవూ?"

తాతారావు నాలుక కరుచుకుని గభాలున మంచమెక్కాడు. గవర్రాజు తల వైపు, నూకరత్నం కాళ్ళ వైపు ఎత్తుకున్నారు. ముగ్గురూ నవ్వుకుంటూ లోవపాడు దారి పట్టారు.