నానని గోళ్ళు

వీణ కామేశ్వరమ్మ గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. విజయనగరంలో ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆ ఉదయం విశాలాక్షి అడిగేసింది.

"అమ్మగారూ, మా పిల్ల పంతం ఎలా వదిలించాలి?"

మరునాటి సాయంత్రం తల్లీకూతుళ్ళు మొదటిసారి పక్కపక్కన కూర్చుని కచేరీ చెయ్యాలి. వారం నుంచి విశాలాక్షి కాలు ఒకచోట నిలవడం లేదు. జడలో పువ్వుల దగ్గర్నుంచి వేదిక మీద పరిచే జంపఖానా దాకా అన్నీ తనే. తీరా చూస్తే కూతురు ప్రణవి పది వేళ్ళకూ జెల్ గోళ్ళు పెట్టించుకుని వచ్చింది. గులాబీ రంగువి, పెంకులా గట్టివి. తీగ మీటితే స్వరం బదులు టకటక. తీయించుకోవే అంటే ఉలకదు, పలకదు.

"ముందు ఆ గోళ్ళు వదిలించుకు రండి," అన్నారు కామేశ్వరమ్మ గారు. "పంతం సంగతి తర్వాత."

పార్లర్‌లో గౌరి అనే అమ్మాయి జెల్ కరిగించే మందులో ముంచిన దూది ప్రణవి వేళ్ళకు చుట్టి, పైన వెండికాగితం బిగించింది. "కాసేపు నాననివ్వండి ఆంటీ."

విశాలాక్షి కూర్చుంటే కదా! లేచింది, గడియారం చూసింది, మళ్ళీ లేచింది. "అయిందా? ఇంకా ఎంతసేపమ్మా? ఇంటికెళ్ళి ఒక్కసారన్నా కలిపి వాయించుకోవద్దూ?" బయట ఇంకెవరో కాచుకుని ఉన్నారు. గౌరి కుడిచేతి కాగితాలు విప్పి, ఇనుప పుల్ల దూర్చి ఎత్తేసింది.

"అమ్మా!" అని అరిచింది ప్రణవి.

పెంకుతో పాటు గోరు పైపొర కూడా లేచి వచ్చింది. ఆపేలోపే చూపుడువేలు, నడిమివేలు రెండూ అయిపోయాయి. వీణ మీటేది ఆ రెంటితోనే.

"నానకుండానే పీకేస్తావా?" విశాలాక్షి గౌరి చేతిలోని పుల్ల లాక్కుంది. "రేపు దాని కచేరీ!"

"ఏటాంటీ! బేగి కానీ, బేగి కానీ అని మీరే కదా పీకల మీద కూకున్నారు!"

విశాలాక్షి పుల్ల పక్కన పెట్టింది. మిగిలిన వేళ్ళకు మళ్ళీ దూది చుట్టించి, ఈసారి కూతురి మణికట్టు పట్టుకుని కూర్చుంది. అవి బాగా నానేలోగా ప్రణవి అంది.

"పంతానికి పెట్టించుకోలేదమ్మా. రేపు నీ పక్కన కూర్చుంటే అందరూ నా చేతుల్నే చూస్తారుగా. అందంగా ఉండాలని."

"మరి చెప్పలేదేమే?"

"ఎప్పుడు చెప్పను? నువ్వు ఆగితే కదా!" కన్నీళ్ళతోనే నవ్వింది ప్రణవి. మిగిలిన జెల్ గోళ్ళు తాకీ తాకగానే జారి వచ్చేశాయి.

ఇద్దరూ పరుగున గురువుగారింటికి వచ్చారు. కామేశ్వరమ్మ గారు ఆ రెండు వేళ్ళనూ వెలుగులో పట్టి చూశారు.

"గోరు ఆనించకు తల్లీ. వేలి కండతో మీటు."

ప్రణవి మీటింది. తీగ సన్నగా, లోతుగా, ఎవరో చెవిలో చెప్పినట్టు పలికింది. గురువుగారి ముఖం వెలిగిపోయింది. "ఏదీ, ఇంకోసారి! ఇంకోసారి!" అన్నారు చిన్నపిల్లలా. ఇక విశాలాక్షి ఆగలేకపోయింది. తన వీణ లాక్కుని, ఉత్సాహం కొద్దీ తనూ అందుకుంది. గది మోగిపోయింది. కూతురి తీగ మాత్రం ఎక్కడా వినబడలేదు.

కామేశ్వరమ్మ గారు చెయ్యెత్తి ఆపారు.

"రేపు నువ్వు కాస్త తగ్గి వాయించు విశాలాక్షీ," అన్నారు. "పిల్ల వినిపిస్తుంది."