అన్నను పేరు పెట్టి పిలవాల్సి వచ్చింది

అన్నను భస్మం చేసే మంత్రం ఎప్పుడు నేర్పుతారని అక్కిరాజు తన గురువును అడగని రోజు లేదు.

గురువు బూడిదసిద్ధుడు కొండ మీద గుహలో ఉండేవాడు. పెద్ద మాంత్రికుడే గానీ వంట చేతకాదు. పొయ్యి మీద పెట్టిందల్లా మాడ్చేసేవాడు. ఆ పేరు మంత్రాల వల్ల వచ్చిందని శిష్యుడు అనుకునేవాడు. కొండ కింది ఊళ్లవాళ్లకు అసలు సంగతి తెలుసు.

అక్కిరాజు రాజు కొడుకు. అయినా ఆ వానాకాలమంతా గురువుకు నీళ్లు మోశాడు, కట్టెలు కొట్టాడు, మాడిన అన్నం కిక్కురుమనకుండా తిన్నాడు. పగ మనిషికి ఎక్కడలేని ఓపిక ఇస్తుంది.

ఆ పగ ఒక ఏనుగు కోసం. తండ్రి కన్నుమూస్తూ కోట పెద్దవాడికి, పట్టపుటేనుగు చిన్నవాడికి అని చెప్పి పోయాడు. ఏనుగేమో కోట దాటి అడుగు బయట పెట్టనని మొరాయించింది. అన్నే బెల్లం పెట్టి దాని మనసు విరిచేశాడని తమ్ముడు. అది రాకపోతే నన్నేం చెయ్యమంటావురా అని అన్న. మాటామాటా పెరిగింది. ఇప్పుడు కొండ కింద ఏటికి చెరో గట్టునా చెరో సైన్యం దిగి ఉంది. కాస్త ఎండెక్కితే యుద్ధమే. అక్కిరాజు వైపు మనుషులు తక్కువ. మంత్రం లేకుండా దిగితే అతను సాయంత్రం దాకా బతకడం అనుమానమే.

అందుకే తెల్లవారుతూనే కొండెక్కి గురువు కాళ్ల మీద పడ్డాడు.

"ఇవాళైనా చెప్పండి స్వామీ. లేకపోతే నా పని అయిపోయినట్టే."

సిద్ధుడు ఈసారి కాదనలేదు. చెవిలో మంత్రం ఊదాడు.

"చివర్న పేరు పలికి భస్మం అనాలి. అంతే. ముందు ఆ సొరకాయ మీద చూడు."

అక్కిరాజు మంత్రం చదివి, "సొరకాయ భస్మం!" అన్నాడు.

భగ్గుమంది. రాతి మీద గుప్పెడు బూడిద మిగిలింది.

"మధ్యాహ్నం కూర పోయింది," అన్నాడు సిద్ధుడు. కాసేపు ఆలోచించి, "ఎలాగూ పోయేదేలే," అన్నాడు. "ఊఁ, ఇప్పుడు మీ అన్న పేరు చెప్పు."

అన్న పేరు దేవపరాజు. ఆయన మనకు అన్న కాడు కాబట్టి మనం హాయిగా చెప్పుకోవచ్చు. అక్కిరాజు సంగతి అలా కాదు. అన్నను పేరు పెట్టి పిలిస్తే కళ్లు పోతాయని చిన్నప్పుడు తల్లి చెప్పింది. బుద్ధెరిగిన నాటి నుంచి ఆ పేరు అతని నోట రాలేదు. యుద్ధానికి రమ్మని దూతను పంపినప్పుడు కూడా "అన్నయ్యతో చెప్పు" అనే పంపాడు.

మంత్రం చదివాడు. కళ్లు పోతాయేమోనని ముందే గట్టిగా మూసుకున్నాడు.

"దే... దే... దేవుడా!"

సిద్ధుడు ఉలిక్కిపడి ఆకాశం వంక చూశాడు. ఏమీ కాలేదు.

"నాయనా, కాస్త చూసుకుని పలుకు," అన్నాడు చెమట తుడుచుకుంటూ.

అక్కిరాజు మళ్లీ చదివి, "ఆ దుర్మార్గుడు..." అని మొదలుపెట్టాడు. సిద్ధుడు గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగాగు. దుర్మార్గుడంటే మంత్రం ముందు దగ్గర్లో వెతుకుతుంది. ఇక్కడున్నది మనిద్దరమే."

అక్కిరాజు గొంతు సవరించుకున్నాడు. ఈసారి ఎలాగైనా అనెయ్యాలని పళ్లు బిగించాడు.

"మా అన్నయ్యగారు భస్మమైపోవుదురుగాక!"

గుహలో చీమ కూడా కదల్లేదు.

"ఎంత మర్యాద!" అన్నాడు సిద్ధుడు. "కాస్త గంధం కూడా పూసి చెప్పు."

అక్కిరాజుకు ఏడుపొచ్చినంత పనైంది. కింద భేరీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. తనను నమ్ముకుని వచ్చిన వాళ్లంతా అక్కడే ఉన్నారు.

"స్వామీ, నాకు నోరు తిరగడం లేదు. మీరే అనెయ్యండి. మీకు అడ్డేముంది?"

"నాకేం అడ్డం?"

సిద్ధుడు లేచి గుహ వాకిట్లో నిలబడ్డాడు. మంత్రం చదివాడు. అవతలి గట్టు వైపు చెయ్యి చాచి గట్టిగా అందుకున్నాడు.

"ఒరే దేవపా..."

మాట పూర్తి కాలేదు. అక్కిరాజు ఒక్క గెంతున వచ్చి గురువు నోరు మూసేశాడు. గురువన్న భయం లేదు, మంత్రగాడన్న జంకూ లేదు.

"ఏమిటా ఒరే! ఆయనెవరనుకుంటున్నారు మీరు?"

సిద్ధుడు వేళ్ల సందుల్లోంచి అడిగాడు.

"ఎవరు?"

అక్కిరాజు చెయ్యి తనంతట తనే జారిపోయింది. తర్వాత వంగి దణ్ణం పెట్టి కొండ దిగాడు. సిద్ధుడు పొయ్యి ముట్టించుకోవడానికి లోపలికి వెళ్లిపోయాడు.

ఏటికి రెండు వైపులా సైనికులు వేపపుల్లలు నములుతున్నారు. యుద్ధానికి వచ్చినా పళ్లు తోముకోవడం తప్పదు కదా. అవతలి ఒడ్డున దేవపరాజు కూడా పుల్ల నోట్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా!" అని కేకేశాడు అక్కిరాజు.

అవతల తమ్ముళ్లున్న వాళ్లందరూ తలెత్తారు. దేవపరాజూ ఎత్తాడు.

అక్కిరాజు కత్తి విప్పి గట్టు మీద పడేసి సరాసరి ఏట్లోకి దిగాడు. ఇవతల అతని దళవాయి నెత్తి బాదుకున్నాడు. అవతల విలుకాళ్లు బాణాలు ఎక్కుపెట్టి, వదలమంటారా అన్నట్టు రాజు వంక చూశారు.

దేవపరాజు నోట్లో పుల్ల ఉమ్మేశాడు.

"ఒరే ఒరే, అక్కడ లోతురా! కాస్త పైకెళ్లి దిగు!"