దాలయ్య నాలుక కింది బిళ్ల

"గురువుగారూ, ఆ బిళ్ల నిలబడి వేసుకుంటే పనిచెయ్యదా?" అని అడిగింది నేనే. తెలుసుకుందామని అడగలేదు. కడుపుమంటతో అడిగాను.

మా తప్పెటగుళ్ల జట్టుకు ఒక కట్టు ఉండేది. సన్యాసయ్య గురువు ఎదుట శిష్యుడు కూర్చోకూడదు. రొమ్మున తప్పెట కట్టుకుని రెండు గంటలు ఎగిరి ఆడినా సరే, ఆయన ఇంట్లోకి వెళ్లేదాకా నిలబడే ఊపిరి తీసుకోవాలి. నేను ముప్పై ఏళ్లు అలాగే నిలబడ్డాను. నా తరవాత మూడేళ్లకు చేరిన దాలయ్యకు గుండెజబ్బు వచ్చింది. ఎగరడం మానమని డాక్టరు చెప్పాడు గనక వంత పాడడానికి వచ్చేవాడు. నొప్పి వచ్చినప్పుడు నాలుక కింద పెట్టుకోమని బిళ్లలు కూడా ఆ డాక్టరే రాసిచ్చాడు.

ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ గురువు మా ముందు దాలయ్య చేత అప్పజెప్పించాడు. రొమ్ము పట్టేస్తే ముందు కూర్చోవాలి. బిళ్ల మింగకూడదు, నాలుక కిందే కరగాలి. తలపోటు వస్తుంది. రక్తపోటు ఒక్కసారిగా దిగి కళ్లు తిరుగుతాయి, అందుకని వెంటనే లేవకూడదు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే నూట ఎనిమిదికి ఫోను చెయ్యాలి. బిళ్లలు వాటి సీసాలోనే ఉంచాలి, చుట్టల డబ్బాలో వేసుకు తిరగకూడదు.

అంతా విన్నాక నేనడిగిన ప్రశ్న అది. గురువు నన్ను ఎగాదిగా చూశాడు. "తప్పెట కట్టుకో," అన్నాడు, అంతే.

అమ్మవారి పండగ ఇంకా నాలుగు రోజులుందనగా సాధన చేస్తున్నాం. ఎండ దిగలేదు. వంత పాడుతున్న దాలయ్య గొంతు మధ్యలో ఆగింది. చెయ్యి రొమ్ము మీదికి పోయింది. సీసా తీసి, కూర్చోబోయాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఏటి దాలయ్యా, గురువు నిలబడుంటే నీకు పీట వెయ్యాలా?" అన్నాను.

వంగిన నడుం మళ్లీ నిటారుగా లేచింది. "నీకంటే ఎక్కువ సేపే నిలబడతాన్లే," అని బిళ్ల నాలుక కింద పెట్టుకున్నాడు.

రెండు నిమిషాలు పట్టలేదు. మొహం తెల్లగా పాలిపోయింది, ఒళ్లంతా చెమట. మోకాళ్లు మడతపడి, గడ్డి మోపు జారినట్టు నేల మీద పడ్డాడు.

గురువు తప్పెట విప్పి పక్కన పారేసి పరుగున వచ్చాడు. దాలయ్యను వెల్లకిలా పడుకోబెట్టి, తాను నేల మీద చతికిలబడి, మట్టి కొట్టుకున్న ఆ రెండు కాళ్లూ ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నాడు. గురువు ఒడిలో శిష్యుడి కాళ్లు!

దాలయ్య కళ్లు తెరిచాడు. ఎవరి ఒడో తెలిసి కాళ్లు లాక్కోబోయాడు.

"పాపం తగుల్తాది గురువుగారూ, ఒగ్గేయండి."

"కదిలావంటే ఊరుకోను. కాళ్లు ఎత్తుంటేనే నెత్తురు గుండెకి సేరతాది. నొప్పి ఉందా పోయిందా, అది సెప్పు."

"ఉంది."

"ఫోను సెయ్యండిరా!"

ఒకడు ఫోను చేశాడు. ఒకడు తువ్వాలుతో విసిరాడు. ఇంకొకడు, డాక్టరుకు చూపించాలని, సీసాను గుప్పిట్లో పట్టుకున్నాడు. జట్టంతా గురువు చుట్టూ ఒకరి తరవాత ఒకరు నేల మీద కూర్చున్నారు. నేను మాత్రం కూర్చోలేదు. నా మాటకే అతను పడ్డాడని నాకు తెలుసు. కట్టు తప్పనివాణ్ణి అని చెప్పుకోవడానికి నాకు నిలబడడం ఒక్కటే మిగిలింది.

దాలయ్య బతికాడు. ఆ తరవాత పదకొండేళ్లు మా జట్టులో కూర్చునే వంత పాడాడు. నాతో మాట్లాడింది తక్కువ, నేనూ పలకరించలేదు. కాని ఆ రోజు, నూట ఎనిమిది బండి రాకముందు, ఉండబట్టలేక అన్నాను:

"గురువుగారూ, మీరు లేవండి. ఇది నేను చూడలేను. ఇదేం మర్యాద?"

ఆయన ఆ కాళ్ల మీంచి చెయ్యి తియ్యలేదు.

"నిలబడున్నవోడివి నువ్వొక్కడివే. రోడ్డు మీదికెళ్లి బండికి దారి సూపించు."